మధ్యరకం బడ్జెట్‌లో బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఎలా ఎంచుకోవాలి?

టెక్సస్‌లో స్థిరపడి, మొదటిసారి జింక వేటకు వెళ్దామనుకునేవాళ్లు తుపాకీ షాపులో ముందుగా అడిగేది ఒకటే: "వీటిలో గురి తప్పనిది ఏది?" ఈ రోజుల్లో ఆ ప్రశ్నతో పెద్దగా ఒరిగేదేం లేదు. ఆరు వందల నుంచి వెయ్యి డాలర్ల మధ్య దొరికే ఫ్యాక్టరీ రైఫిళ్లలో చాలావరకు, దానికి నప్పిన తూటా దొరికితే, వంద గజాల దూరంలో మూడు తూటాలను అంగుళం, అంగుళంన్నర వెడల్పులో పెట్టేస్తాయి. వెదర్‌బీ వాన్‌గార్డ్, బెర్గారా బీ-14, టిక్కా టీ3ఎక్స్ లాంటి వాటికైతే అంగుళానికి మించదని కంపెనీలే హామీ ఇస్తాయి. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అంటే రైఫిల్ చెయ్యాల్సిన పని అది చేస్తుంది. తప్పితే మన చెయ్యే తప్పుతుంది.

అందుకే ఈ ధరలో డబ్బు పెట్టాల్సింది మన ఒంటికి తగిలే భాగాల మీద. భుజానికీ చెంపకూ ఆనే స్టాక్, ప్రతి కాల్పుకీ తూటాను లోపలికి ఎక్కించడానికి చేత్తో తిప్పి లాగే బోల్ట్, వేలికి తగిలే ట్రిగ్గర్, పొరపాటున పేలకుండా ఆపడానికి బొటనవేలితో జరిపే సేఫ్టీ. ఇవి కుదిరితే మిగతావి సర్దుకుంటాయి.

1. ముందు మీ స్టేటస్ చూసుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సిటిజన్‌కి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా ఇబ్బంది లేదు. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లకు మాత్రం తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం రెండూ నిషేధమే. తూటాలకూ ఇదే వర్తిస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేది, ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్.

ఇక్కడో మెలిక ఉంది. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవిపందుల్ని కాల్చడానికి రాష్ట్రం లైసెన్స్ అడగదు. అది చూసి "లైసెన్స్ ఎందుకులే" అనుకుంటే హెచ్-1బి మీదున్నవాళ్లు ఫెడరల్ చట్టానికి దొరికిపోతారు. వాళ్ల విషయంలో ఆ లైసెన్సే తుపాకీ ముట్టుకోవడానికి ఆధారం. ముందు లైసెన్స్, తర్వాతే షాపు, కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్. లైసెన్స్ గడువు తీరిపోయాక రైఫిల్ అల్మరాలో ఉన్నా సమస్యే. తుపాకీ కేసు ఇమిగ్రేషన్ ఫైల్లోకి ఎక్కితే దేశం నుంచి పంపించేదాకా వెళ్లవచ్చు కాబట్టి, అనుమానం ఉంటే లాయర్‌కి ఓ గంట ఫీజు ఇచ్చి అడగడం మంచిది.

లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొనేటప్పుడు 4473 ఫారం నింపాలి, ఆపైన బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. ఫారంలో గంజాయి గురించి ఓ ప్రశ్న ఉంటుంది. మీ రాష్ట్రం దాన్ని చట్టబద్ధం చేసినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. ఇంకోటి, "నా వీసాతో కుదరదు, నీ పేరు మీద కొనిపెట్టరా, డబ్బులు నేనిస్తా" అనే స్నేహితుడికి సాయం చెయ్యొద్దు. అది స్నేహం కాదు, ఫెడరల్ నేరం. ఇల్లినాయ్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో తుపాకీ కోసం రాష్ట్రం ఇచ్చే కార్డు కూడా విడిగా తీసుకోవాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. చట్టం కోసమని కాకపోయినా ఆ కోర్సు చెయ్యండి, బాగుంటుంది.

2. దేన్ని వేటాడతారో తేల్చుకోండి, క్యాలిబర్ (తూటా సైజు) అదే తేలుతుంది

తెల్లతోక జింక, అడవిపంది, రెండు మూడు వందల గజాల లోపు దూరం. ఎక్కువమంది అవసరం ఇంతే. మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పిని 1930లలో టెక్సస్‌కు తెచ్చి వదిలారు. మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీ అనే కొండల ప్రాంతంలో ఇప్పుడవి మందలుగా ఉన్నాయి. ఇండియాలో దాన్ని ముట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. టెక్సస్‌లో మాత్రం అది విదేశీ జంతువుల లెక్కలోకి వస్తుంది కాబట్టి సీజన్‌తో పని లేకుండా వేటాడొచ్చు. లైసెన్స్ మాత్రం ఉండాలి.

వీటన్నిటికీ 6.5 క్రీడ్‌మూర్ గానీ 308 వించెస్టర్ గానీ, ఈ రెండు రకాల తూటాల్లో ఏదైనా సరిపోతుంది. 308 వచ్చింది 1952లో, క్రీడ్‌మూర్ 2007లో. క్రీడ్‌మూర్ భుజాన్ని 308 కంటే తక్కువ తంతుంది, సుమారు మూడో వంతు తేడా ఉంటుంది. కొత్తవాళ్లకు నా ఓటు దానికే. తన్నుకి భయపడితే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోతాయి, ఆ అలవాటు వదిలించుకోవడం చాలా కష్టం. 308కి ఉన్న లాభం, తూటాలు చిన్న ఊరి షాపులో కూడా దొరుకుతాయి. మరీ సన్నగా ఉన్నవాళ్లకి, ఇంట్లో పెద్ద పిల్లలకి 243 వించెస్టర్ కూడా చూడొచ్చు.

300 వించెస్టర్ మ్యాగ్నం తీసుకోమని ఎవరో ఒకరు చెబుతారు. దక్షిణ టెక్సస్‌లో మనుబోతుల వేటకు వెళ్లేవాళ్లకు అలాంటిది కావాలి, అవి పెద్దవి, మొండివి. జింకకైతే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. తూటా ధర ఎక్కువ, తన్ను ఎక్కువ, అందుకే ప్రాక్టీస్ తక్కువైపోతుంది.

మీ రాష్ట్రం రూల్ కూడా చూసుకోండి. ఒహైయోలో జింకకి పైన చెప్పిన, సీసా మెడలా ముందు సన్నబడే తూటాలేవీ పనికిరావు, కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) తిన్నగా ఉన్నవే వాడాలి. అక్కడుంటే 350 లెజెండ్ లాంటిది చూడాలి.

3. డబ్బును ముందే విడగొట్టండి

చేతిలో పదిహేను వందల డాలర్లుంటే రైఫిల్‌కి ఎనిమిది తొమ్మిది వందలు దాటనివ్వకండి. గురి చూసే దుర్భిణికి, అంటే స్కోప్‌కి మూడు నాలుగు వందలు, దాన్ని బిగించే బేస్, రింగులకు ఓ డెబ్బై ఎనభై, మిగిలింది తూటాలకు. పన్ను, చెవులకు పెట్టుకునే మఫ్స్, తాళం వేసే బీరువా కూడా లెక్కలో ఉండాలి. పన్నెండు వందల రైఫిల్ మీద వంద డాలర్ల స్కోప్ పెట్టుకుని, రెండు డబ్బాలు కాల్చి అడవికి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆరు వందల రైఫిల్‌తో పది డబ్బాలు కాల్చినవాళ్లు వాళ్లకంటే నయం.

4. షాపులో చేత్తో పట్టుకుని చూడండి

ఆన్‌లైన్‌లో వీడియోలు ఎన్నయినా చూడండి గానీ, ఈ మెట్టు మాత్రం దాటొద్దు. కౌంటర్ అవతలి మనిషి రైఫిల్ చేతికివ్వగానే గొట్టాన్ని మనుషుల మీదికి రాకుండా తిప్పి, బోల్ట్ తెరిచి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోండి. ఆయన ముందే చూసి ఇచ్చినా సరే, మీరూ చూడాలి.

ఇప్పుడు స్టాక్. మోచేతిని మడిచి, స్టాక్ వెనక భాగాన్ని మోచేతి మడతకి ఆనించండి. చూపుడు వేలి మొదటి కణుపు ఇబ్బంది లేకుండా ట్రిగ్గర్‌ని అందుకుంటే పొడవు దాదాపు సరిపోయినట్టే. ఫ్యాక్టరీ స్టాకులు చాలావరకు పదమూడు ముప్పావు అంగుళాల అటూ ఇటూ ఉంటాయి. ఐదడుగుల నాలుగైదు అంగుళాల మనిషికి అది పొడవే, పైగా చలికాలం జాకెట్ వేసుకుంటే ఇంకో అర అంగుళం కలుస్తుంది. పొడవెక్కువైతే మెడ సాచి స్కోప్‌లోకి చూడాల్సొస్తుంది. రూగర్ అమెరికన్ కాంపాక్ట్ పన్నెండున్నర అంగుళాలతో వస్తుంది. శావేజ్ 110లో ఆక్యూఫిట్ ఉన్న మోడల్స్‌కి పొడవు, చెంప ఆనే ఎత్తు రెండూ ముక్కలు మార్చి సరిచేసుకోవచ్చు. మన ఎత్తువాళ్లకి ఇది నిజంగా ఉపయోగపడే సదుపాయం.

తర్వాత ఒక పరీక్ష. స్కోప్ ఉన్న రైఫిల్ అడిగి తీసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. చెంప హాయిగా ఆనాక కళ్లు తెరవండి. స్కోప్‌లో గుండ్రటి బొమ్మ నిండుగా కనిపించాలి. సగం నల్లగా ఉందంటే చెంప ఎత్తో స్టాక్ పొడవో మీకు నప్పలేదన్నమాట. ఎవరో ఫోరమ్మీద పొగిడారని ఆ రైఫిల్ తీసుకోవద్దు.

బోల్ట్‌ని భుజం మీంచి దించకుండానే తిప్పి లాగి, మళ్లీ తొయ్యండి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. కొన్ని బోల్టులు మధ్యలో పక్కకి ఒరిగి పట్టేస్తాయి, అడవిలో రెండో తూటా వెయ్యాల్సినప్పుడు అదే ఇరుకున పెడుతుంది. టిక్కా బోల్ట్ ఈ విషయంలో వెన్నలా జారుతుంది, ఈ ధరలో దానికి పోటీ తక్కువ. టిక్కా, రూగర్ అమెరికన్ బోల్టులు 70 డిగ్రీలు తిరుగుతాయి, రెమింగ్టన్ 700 లాంటివి 90. తక్కువ తిరిగితే పిడికి, స్కోప్ వెనక భాగానికి మధ్య మీ వేళ్లకు చోటు ఎక్కువ.

ట్రిగ్గర్ నొక్కి చూసే ముందు తప్పకుండా అనుమతి అడగండి. వేలు పెట్టి మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోతే అది ఎక్కడా జరగకుండా, ఒక్కసారిగా విరిగినట్టు తెగాలి. మూడు పౌండ్ల చుట్టుపక్కల ఉంటే వేటకి బాగుంటుంది. వాన్‌గార్డ్‌లోది రెండు దశల ట్రిగ్గర్, మొదట కాస్త వదులుగా వచ్చి ఆగి తర్వాత తెగుతుంది. అది లోపం కాదు, కొందరికి అదే నచ్చుతుంది.

సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరుచుకుంటుందా? ఇది అడిగేవాళ్లు తక్కువ. మూడు స్థానాల సేఫ్టీలో మధ్య స్థానంలో ట్రిగ్గర్ లాక్ అయి ఉన్నా బోల్ట్ తెరవొచ్చు, సేఫ్టీ తీయకుండానే తూటా బయటికి తీయొచ్చు. వాన్‌గార్డ్, శావేజ్ 110, రెండో తరం రూగర్ అమెరికన్ ఇలాంటివి. టిక్కాలో రెండే స్థానాలు, బోల్ట్ కూడా లాక్ అవుతుంది, తూటా తీయాలంటే సేఫ్టీ తీయాల్సిందే. తప్పేం లేదు గానీ, పిల్లల్ని వేటకు తీసుకెళ్లేవాళ్లు ఆలోచించాల్సిన విషయం.

చివరగా జేబులోంచి ఒక డాలర్ నోటు తీసి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి జరపండి. ఎక్కడా తగలకుండా రావాలి. అప్పుడే స్టాక్ ముందు భాగాన్ని బొటనవేలితో బ్యారెల్ వైపు నొక్కి చూడండి. చవక ప్లాస్టిక్ స్టాక్ అయితే వంగి బ్యారెల్‌ని తాకుతుంది. రైఫిల్‌ని సంచి మీదో బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీదో ఆనించి కాల్చినప్పుడు గురి మారేది ఇలాంటి చోటే. తూటాలు నింపే మ్యాగజైన్ పెట్టి తీసి చూడండి, విడిగా ఇంకోటి ఎంతో అడగండి. ధర విని కొంతమంది మనసు మార్చుకుంటారు.

5. నన్నడిగితే

ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ లైట్ మొదటి పేరు. బోల్ట్, ట్రిగ్గర్ రెండూ బాగుంటాయి, మూడు కిలోలకు కాస్త లోపే. తేలిక కాబట్టి తన్ను ఎక్కువగా తెలుస్తుంది, అందుకే దీనికి క్రీడ్‌మూర్ నప్పుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే రెండో తరం రూగర్ అమెరికన్. చూడ్డానికి ముద్దుగా ఉండదు గానీ పని చేస్తుంది, మిగిలిన డబ్బు స్కోప్‌లో పెట్టొచ్చు. జపాన్‌లో హోవా కంపెనీ చేసే వాన్‌గార్డ్ బరువెక్కువ, గట్టి సరుకు, తన్ను మెత్తగా ఉంటుంది. మచాన్ లాంటి బ్లైండ్‌లో కూర్చుని వేటాడేవాళ్లకు బరువు సమస్యే కాదు. స్పెయిన్ బెర్గారా బీ-14కి ఉన్న లాభం వేరు, రెమింగ్టన్ 700 కోసం చేసిన స్టాకులు, ట్రిగ్గర్లు చాలావరకు దానికి సరిపోతాయి. ముందు ముందు మార్పులు చేసుకునే సరదా ఉంటేనే దాని మీదికి వెళ్లండి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి టిక్కా, శావేజ్ రెండూ విడిగా మోడల్స్ చేస్తాయి.

6. కొన్నాక

3-9 రెట్ల స్కోప్ ఈ వేటకు చాలు. స్క్రూలను చేతి అంచనాతో బిగించకుండా, ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకె దగ్గర ఆపండి. స్కోప్‌ని కంటికి మూడున్నర నాలుగు అంగుళాల దూరంలో ఉంచండి, లేకపోతే మొదటి తూటాకే కనుబొమ చిట్లుతుంది.

రేంజ్‌లో ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి, గొట్టం లోంచి చూస్తూ లక్ష్యాన్ని మధ్యకి తెచ్చుకోండి. రైఫిల్ కదపకుండా స్కోప్ గీతల్ని కూడా అక్కడికే తిప్పండి. దాంతో మొదటి తూటా కాగితం మీద పడుతుంది. తర్వాత వంద గజాలు. మూడేసి తూటాలు కాల్చి, ఆ గుంపు మధ్య బిందువుని బట్టి సరిచెయ్యండి, ఒక్కొక్క తూటాకీ తిప్పుతూ పోతే ఎప్పటికీ కుదరదు. మధ్యమధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి, వేట రైఫిళ్ల బ్యారెల్ సన్నం, త్వరగా వేడెక్కుతుంది.

రెండు మూడు రకాల తూటాలు ఒక్కో డబ్బా కొని కాల్చి చూస్తే, మీ రైఫిల్‌కి ఏది పడుతుందో తేలిపోతుంది. అది తేలిన రోజే అదే రకం, వీలైతే డబ్బా మీద అదే లాట్ నంబర్ ఉన్నవి, సీజన్‌కి సరిపడా తెచ్చి పెట్టుకోండి. నవంబరు మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది. ఆ ముందు వారం షాపుకెళ్తే మీక్కావలసిన డబ్బా ఉండకపోవచ్చు.