ఫోటోషూట్‌కు ముందు: కెమెరా పట్టుకున్నవాళ్ల వెనక ఏముందో చూసి రండి

హన్మకొండలో మా స్టూడియోకు ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లలకు లెన్సుల కన్నా ముందు ఒక మాట చెప్తాను. షూట్‌లో ఎదురుగా నిలబడ్డవాళ్లకన్నా కెమెరా పట్టుకున్నవాళ్లకే ప్రమాదం ఎక్కువ. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, ఫ్రేమ్‌లో తోరణం మొత్తం పట్టాలని ఒక్కో అడుగు వెనక్కి వేస్తుంటారు. కాబట్టి లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఫ్రేమ్ చూసుకోవడం సగం పనే. మీరు నిలబడబోయే చోటి నుంచి వెనక్కి తిరిగి పది పదిహేను అడుగులు నడవండి. మెట్టుందా, గుంత ఉందా, బండ్లు తిరిగే రోడ్డుందా అని చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

వెళ్లేది కూడా షూట్ పెట్టుకున్న గంటకే వెళ్లాలి. పొద్దున ఆరున్నరకు షూట్ పెట్టుకుని, చోటును మధ్యాహ్నం చూసి వస్తే వెలుతురు గురించి ఏమీ తెలియదు. ఖిల్లా వరంగల్ తోరణాన్నే తీసుకోండి. మన దగ్గర డిసెంబర్‌లో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, దాదాపు 25 డిగ్రీలు ఆగ్నేయం వైపు జరుగుతాడు. జూన్‌లో అంతే దూరం ఈశాన్యానికి పోతాడు. ఎవరో జూన్‌లో తీసిన ఫోటో చూసి డిసెంబర్‌లో అదే చోట నిలబడితే ఆ వెలుగు దొరకదు. మే 12 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కళ్ల కింద నల్లటి నీడ పడుతుంది, రాతి మీద కాలు పెట్టలేం. మేలో పది దాటాక పిల్లలను ఎండలో నిలబెట్టే షూట్‌కు నేను ఒప్పుకోను.

కోటలోనే ఇంకో సంగతి, తేనెపట్టులు. కోట గోడలకు, పాత గుడుల పైకప్పులకు, పెద్ద మర్రిచెట్లకు తేనెటీగలు వాటిని కడతాయి. చోటు చూసేటప్పుడు తలెత్తి చూడటం అలవాటు చేసుకోండి. ఇప్పుడు అందరూ వాడుతున్న రంగుల పొగ డబ్బాలు, డ్రోన్ చప్పుడు, ఘాటైన సెంటు వాటిని రేపుతాయి. పట్టు కనబడితే ఆ చోటు వద్దనుకోవడమే. ఒకవేళ లేస్తే సామాను అక్కడే వదిలేసి, ముఖం కప్పుకుని, కారులోకో గదిలోకో పరుగెత్తి తలుపు మూసుకోవాలి. నీళ్లలో దూకితే లాభం లేదు, అవి పైనే తిరుగుతూ ఉంటాయి.

చెక్కిన రాళ్ల మీద ఎక్కి ఫోజులివ్వడం మాత్రం నాకు అసలు నచ్చదు. కాకతీయుల నాటి ఏనుగు మీద చెప్పులతో కూర్చుంటే మన ఊరినే తొక్కినట్టు. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా కూడా ఉంటాయి. ఇలాంటి చోట్ల ట్రైపాడ్, లైట్ స్టాండ్లు, డ్రోన్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలకైతే అటవీ శాఖను అడగాలి. వేయిస్తంభాల గుడిలో రోజూ పూజలు జరుగుతాయి. కార్తీక సోమవారం, శివరాత్రి నాడు అటు పోవద్దు. మేడారం జాతర జరిగే ఏడాది ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీదుగా రామప్ప షూట్ పెట్టుకోవద్దు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ నీళ్ల దగ్గరే. వానాకాలంలో చెరువు మత్తడి (అలుగు) దూకుతుంటే అందరికీ అక్కడే ఫోటో కావాలి. ఆ బండ మీద నాచు ఉంటుంది, నీళ్లు మోకాలి లోతే ఉన్నా కాలు లాగేస్తాయి. పాత గ్రానైట్ క్వారీ గుంతలు పచ్చటి నీళ్లతో ఎంతో అందంగా కనబడతాయి కానీ వాటికి వాలు ఉండదు, ఒడ్డు నుంచి ఒక్క అడుగులోనే నిలువు లోతు. అలాంటి చోటికి పిల్లలను పంపను. పొలాల్లో వ్యవసాయ బావులకు గోడ ఉండదు, చుట్టూ గడ్డి పెరిగి అంచు కనబడదు. పత్తి చేలోకి వెళ్లేముందు మందు ఎప్పుడు కొట్టారో, మోటారు తీగ ఎటు పోతుందో అడగాలి. అడిగితే చెప్పనివాళ్లు ఎవరూ లేరు. "బాపూ, ఇక్కడ లోతెంత?" అంటే "గీడ నడుము లోతే బిడ్డా, గా తుమ్మచెట్టు దాటితే దిగొద్దు" అని చేత్తో చూపిస్తారు. ఆ మాట ఏ మ్యాప్‌లోనూ దొరకదు. చేను ఎవరిదో తెలుసుకుని, షూట్ రోజు కూడా చెప్పి దిగండి.

రైలు పట్టాల సంగతి ఒక్క ముక్కలో: వద్దు. కాజీపేట వైపు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 30 మీటర్లు వచ్చేస్తుంది. ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కితే పైన 25,000 వోల్టుల తీగ, దగ్గరికి పోయినా చాలు, తగలక్కర్లేదు. పట్టాల మీదికి పోవడం రైల్వే చట్టం కింద నేరం.

ఏప్రిల్ నుంచే పిడుగుల భయం. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. ఉరుము వినబడగానే ట్రైపాడ్ మడిచి, పక్కా భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రావద్దు. చెట్టు కిందికి అస్సలు పోవద్దు.

ఇవన్నీ చూసొచ్చాక ఒక కాగితం మీద రాయండి. దగ్గరి ఆసుపత్రి ఏది, కారు ఎక్కడి దాకా వస్తుంది, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే చోటు, బాత్‌రూమ్ ఎక్కడ. చివరిది చాలామంది మరిచిపోతారు. దాంతో పిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటారు. ఎంతకు బయల్దేరి ఎంతకు ఇల్లు చేరతారో రాసి ఇంట్లో ఒకరికి పంపండి. ఆపద వస్తే 112, అంబులెన్స్‌కు 108.

ఎంత చిన్న షూట్ అయినా కెమెరా పట్టని మనిషి ఒకరు ఉండాలి. రిఫ్లెక్టర్ కూడా పట్టించొద్దు. ఫోటోగ్రాఫర్ పక్కనే నిలబడి వెనక ఏముందో చూడటమే ఆ మనిషి పని. "ఆగు" అంటే సీనియర్ అయినా సరే, వెలుతురు పోతున్నా సరే, ఆగాల్సిందే. ఈ మాట అందరి ముందు షూట్ మొదలయ్యేముందే చెప్పండి. లేకపోతే జూనియర్ పిల్ల నోరు విప్పదు.

వెళ్లాలా వద్దా అన్నది ముందురోజు రాత్రి తేల్చుకోండి. పొద్దున అందరూ తయారై వచ్చాక వద్దనడం ఎవరికైనా కష్టం. వద్దనుకుంటే పోవడానికి ఊళ్లోనే రెండో చోటు ఒకటి పెట్టుకోండి, దాన్నీ అదే గంటకు వెళ్లి చూసి రండి.