మానిటైజేషన్ రావడం లేదా? ముందు ఎక్కడ చూడాలి: సమస్య - పరిష్కారం

"4,000 గంటల వాచ్ టైమ్ నిండింది, వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లూ వచ్చారు, అయినా యాడ్ డబ్బులు రావడం లేదు" అనేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే. యూట్యూబ్ స్టూడియోలో ఎర్న్ పేజీ తెరిచి చూశారా? ఏ లెక్క నిండింది, ఏది ఇంకా మిగిలింది, రిజెక్ట్ చేసి ఉంటే ఏ కారణంతో చేశారు, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ పేజీ చూడకుండా ట్యాగులు మార్చి, థంబ్‌నెయిల్స్ మార్చి, పాత వీడియోల పేర్లన్నీ మార్చి నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. దయచేసి ముందు అది చదవండి. కింద రాసినవన్నీ అది చదివాకే పనికొస్తాయి.

అనలిటిక్స్‌లో 4,000 దాటింది, ఎర్న్ పేజీలో దాటలేదు

అనలిటిక్స్ చూపించే వాచ్ టైమ్‌లో అన్నీ కలిసి ఉంటాయి. ఎర్న్ పేజీ మాత్రం గత 12 నెలల్లో పబ్లిక్ వీడియోల మీద వచ్చిన గంటలనే లెక్కలోకి తీసుకుంటుంది. షార్ట్స్ ఫీడ్‌లో జనం చూసిన సమయం అందులో కలవదు. ప్రైవేట్, అన్‌లిస్టెడ్, డిలీట్ చేసిన వీడియోలవీ కలవవు. డబ్బు కట్టి యాడ్‌గా నడిపించినప్పుడు వచ్చిన గంటలూ అంతే. తేడా బాగా ఎక్కువగా ఉంటే చాలావరకు షార్ట్సే కారణం. అనలిటిక్స్‌లో కంటెంట్ ట్యాబ్‌కు వెళ్లి వీడియోలు, షార్ట్స్, లైవ్ విడివిడిగా చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

షార్ట్స్‌కు వేరే దారి ఉంది: 90 రోజుల్లో కోటి వ్యూస్. ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి పూర్తిగా నిండాలి. సగం ఇక్కడ, సగం అక్కడ అంటే కుదరదు.

గంటలు పెరగకపోగా తగ్గుతున్నాయంటే కంగారు పడకండి. ఆ 12 నెలల లెక్క రోజూ ముందుకు జరుగుతుంది. నిరుడు ఇదే సమయంలో ఒక వీడియో బాగా ఆడి ఉంటే ఆ గంటలు ఇప్పుడు ఒక్కొక్క రోజు చొప్పున లెక్కలోంచి జారిపోతుంటాయి. కొత్త వీడియోలు వాటికంటే ఎక్కువ తేవాలి, అంతే.

ప్రోగ్రామ్‌లో చేర్చుకున్నారు, యాడ్ డబ్బు మాత్రం లేదు

మీరు చేరింది యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ (ఛానెళ్లకు డబ్బు సంపాదించుకునే దారి ఇచ్చే పథకం) మొదటి మెట్టులో. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో 3 పబ్లిక్ అప్‌లోడ్లు, వీటితో పాటు 3,000 గంటలు లేదా 30 లక్షల షార్ట్స్ వ్యూస్ ఉంటే ప్రేక్షకులు నేరుగా డబ్బు ఇచ్చే మెంబర్‌షిప్‌లు, సూపర్ చాట్ లాంటివి తెరుచుకుంటాయి. యాడ్ ఆదాయానికి 1,000 మంది, 4,000 గంటలు లేదా ఆ కోటి వ్యూస్ ఉండాల్సిందే.

అన్నీ నిండాయి, అప్లై చేయనివ్వడం లేదు

గూగుల్ అకౌంట్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉందా? ఇదంత చిన్న విషయం ఇంకోటి లేదు, ఎక్కువమంది మర్చిపోయేదీ ఇదే. తర్వాత కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ (నియమాలు తప్పితే యూట్యూబ్ వేసే శిక్ష) ఏదైనా నడుస్తోందేమో, అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ (ఛానెల్‌ను ధ్రువీకరించాక తెరుచుకునే అదనపు సౌకర్యాలు) తెరుచుకున్నాయో లేదో చూడండి.

"రీయూజ్డ్ కంటెంట్" అని రిజెక్ట్ చేశారు, వీడియోలన్నీ నావే

అసలు మనుషుల్ని ముంచేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

"ఒక్క కాపీరైట్ క్లెయిమ్ కూడా లేదు కదా" అనేది అందరూ అనే మొదటి మాట. కాపీరైట్ వేరు, ఇది వేరు. క్లెయిమ్ అనేది సొంతదారుకు, మీకు మధ్య సంగతి. రీయూజ్డ్ కంటెంట్, అంటే ఇతరుల వీడియోలను పెద్దగా ఏమీ జోడించకుండా వాడటం, మానిటైజేషన్‌కు యూట్యూబ్ పెట్టుకున్న నియమం. సొంతదారు అనుమతి ఇచ్చినా, ఉచితంగా వాడుకోవచ్చని లైసెన్స్ ఉన్న క్లిప్పులైనా, మీరు వాటికి చెప్పుకోదగ్గది ఏదీ జోడించకపోతే రిజెక్ట్ చేయొచ్చు. పైగా ఒక వీడియోను కాదు, మొత్తం ఛానెల్‌ను చూసి నిర్ణయిస్తారు.

మరి వీడియోలు నిజంగానే సొంతంగా తీసినవాళ్లకు ఎందుకు వస్తుంది? రివ్యూ చేసేవాళ్లు ఛానెల్‌లో ఉన్నవన్నీ చూడలేరు. ముఖ్యంగా చూసేవి ఇవి: ఛానెల్ ప్రధాన విషయం, ఎక్కువ వ్యూస్ ఉన్నవి, కొత్తవి, వాచ్ టైమ్‌లో పెద్ద వాటా ఉన్నవి, ఇంకా టైటిళ్లు, థంబ్‌నెయిల్స్, డిస్క్రిప్షన్లు. మీకేమో ఈ ఏడాది తీసినవే మనసులో ఉంటాయి. వాళ్ల కంట్లో ముందు పడేది ఎప్పుడో సరదాగా పెట్టి మర్చిపోయిన వీడియో.

ఒక ఛానెల్ తీసుకోండి. ఫోన్ రిపేర్ పాఠాలు, కెమెరా ముందు సొంత చేతులు, సొంత గొంతు. వంక పెట్టడానికి లేదు. కానీ మొదట్లో ఎక్కడెక్కడివో అడవి జంతువుల క్లిప్పులు కలిపి, వెనక మ్యూజిక్ వేసి పెట్టిన ఒక గంట వీడియో ఉంది. దాని సంగతి ఛానెల్ నడిపేవాళ్లకే గుర్తులేదు. జనం మాత్రం రాత్రిళ్లు పెట్టుకుని నిద్రపోతున్నారు. 4,000 గంటల్లో సగానికి పైగా తెస్తున్నది అదే. రివ్యూలో ఆ ఛానెల్ జంతువుల క్లిప్పుల ఛానెల్‌లాగే కనిపిస్తుంది.

కనిపెట్టడం ఇలా. అనలిటిక్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి, గడువు 365 రోజులు పెట్టి, వాచ్ టైమ్ వరసలో అమర్చండి. వ్యూస్ వరసలో కాదు, వాచ్ టైమ్ వరసలో. పై పది వీడియోలను ఒక కాగితం మీద గంటలతో సహా రాసుకోండి. ఒక్కోదాన్ని మొదట సౌండ్ ఆపేసి, తర్వాత బొమ్మ చూడకుండా వింటూ నడిపించండి. ఆ బొమ్మలోగానీ మాటల్లోగానీ మీరు ఎక్కడా లేకపోతే, ఆ వీడియో పక్కన గుర్తు పెట్టండి. ఇతరుల క్లిప్పు వాడినా మీ విమర్శో, వివరణో, కథనంతో కూడిన ఎడిటింగో ఉంటే అది పర్వాలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. గుర్తు పెట్టినవాటిని కోపంతో అప్పటికప్పుడు డిలీట్ చేస్తారు. వాటితోపాటు వాటి గంటలూ పోతాయి. ఛానెల్ 4,000 కిందికి పడిపోతుంది, మళ్లీ అప్లై చేసే అర్హతే ఉండదు. ప్రైవేట్‌లో పెట్టినా ఇదే ఫలితం. అందుకే ముందు కాగితం మీద తీసివేత చేయండి. మొత్తం ఎర్న్ గంటల్లోంచి గుర్తు పెట్టినవాటివి తీసేస్తే ఇంకా 4,000 పైనే ఉంటే వెంటనే డిలీట్ చేయండి. లేకపోతే మీ అసలు లెక్క ఆ మిగిలిన అంకె అని ఒప్పుకోండి. సొంత వీడియోలతోనే 4,000 నిండేదాకా పని చేయండి, అప్పుడు తీసేసి అప్లై చేయండి. అవి ఉంచి అప్లై చేస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది.

వీడియోలో కొంత భాగమే అరువు తెచ్చినదైతే డిలీట్ అక్కర్లేదు. స్టూడియో ఎడిటర్‌లో ఆ ముక్క కత్తిరిస్తే లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. లక్ష వ్యూస్ దాటిన వీడియో అయితే ఎడిటర్ మార్పులు సేవ్ చేయనివ్వకపోవచ్చు, అది గుర్తుంచుకోండి.

మళ్లీ అప్లై చేయడానికి మొదటిసారి 30 రోజులు ఆగాలి, ఆ తర్వాత రిజెక్ట్ అయితే 90 రోజులు. కాబట్టి సగం సగం సర్ది తొందరపడొద్దు. నిజంగా పొరపాటు వాళ్లదే అనిపిస్తే 21 రోజుల్లోపు అప్పీల్ ఉంది. అప్పీల్‌కు 5 నిమిషాల్లోపు వీడియో తీసి అన్‌లిస్టెడ్‌గా పెట్టాలి, మొదటి 30 సెకన్లలో ఛానెల్ లింకు చెప్పాలి. అందులో "మా వీడియోలు మావే" అని మాటల్లో చెప్తే లాభం లేదు. ఎడిటింగ్ టైమ్‌లైన్, షూట్ చేసే చోటు, రికార్డింగ్ చేసే తీరు చూపించండి.

రిజెక్ట్ కారణం "ఇనాథెంటిక్ కంటెంట్" అని ఉంటే అది వేరే సమస్య. ఒకే అచ్చులో బోలెడు వీడియోలు తయారు చేయడం గురించి. 2025 జూలైలో పాత "రిపిటీషియస్" నియమానికే ఈ పేరు పెట్టారు. ఇక్కడ డిలీట్ కంటే వీడియోలు తీసే పద్ధతి మారాలి.

యాడ్‌సెన్స్ దగ్గర ఆగిపోయింది

యాడ్‌సెన్స్ అంటే యాడ్ డబ్బు మీకు చేర్చే గూగుల్ అకౌంట్. చాలావరకు ఒకే పేరు మీద రెండోది తెరిచి ఉంటారు. పాతది ఏ ఈమెయిల్ కింద ఉందో వెతికి దాన్నే లింక్ చేయండి, కొత్తది మూసేయండి. అడ్రస్ పిన్ (మీ చిరునామా సరైనదో కాదో తేల్చే కోడ్) గురించి ఇప్పుడే టెన్షన్ అక్కర్లేదు. ఆదాయం ఒక మొత్తానికి చేరాకే పోస్టులో వస్తుంది.

ఇక సబ్‌స్క్రైబర్లు ఉన్నట్టుండి కాస్త తగ్గడం చాలావరకు యూట్యూబ్ స్పామ్ అకౌంట్లు తీసేయడం వల్ల, పట్టించుకోకండి. రివ్యూకు మామూలుగా ఒక నెల పడుతుంది. నెల దాటకముందే సపోర్ట్‌కు రాయకండి, ఆ సమయాన్ని పై పది వీడియోల జాబితా మీద పెట్టండి.