కోనసీమ కొబ్బరితోటలో బస: రోజుకొక పాయ చొప్పున ఊళ్లు చూసిరావడం ఎలా

డిండి, మలికిపురం, రాజోలు ప్రాంతాల్లోని కొబ్బరితోటల్లో నాలుగు రోజులు గడపడానికి వచ్చేవారిలో చాలామంది, పటంలో అన్నీ దగ్గరగానే కనిపిస్తున్నాయి కదా అని, అంతర్వేది, అప్పనపల్లి, యానాం ఒక్క రోజులో ముగించాలని బయలుదేరి, సగం పగలు రోడ్డు మీదే గడిపి అలసిపోయి వస్తారు. ఇక్కడ ప్రయాణానికి కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరి తూర్పున గౌతమిగా, పడమర వశిష్ఠగా పారుతుంది. వశిష్ఠ నుంచి విడిపోయిన వైనతేయ కోనసీమను మధ్యలో మళ్లీ రెండుగా కోస్తుంది. ఏ వంతెన ఎక్కడుంది, పంటు (మనుషులను, వాహనాలను నది దాటించే బల్లకట్టు పడవ) ఎక్కడ నడుస్తుంది అనేదాన్ని బట్టే దారి ఖాయమవుతుంది. అందువల్ల రోజుకు ఒక పాయను మాత్రమే ఎంచుకుని, దాని ఒడ్డున ఉన్నవాటిని నిదానంగా చూడమని నా సలహా.

రావడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. జులై నుంచి సెప్టెంబరు వరకు వరద వచ్చే అవకాశం ఉంటుంది. అప్పుడు నది మధ్య దిబ్బల మీద ఉండే లంక గ్రామాలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి, పడవలు, పంట్లు ఆపేస్తారు. పులస చేప కోసమే వచ్చేవారు ఆ నెలల్లోనే రాక తప్పదు కనుక, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. వేసవిలో కాలువలకు నీరు కట్టేస్తారు. పచ్చని గట్టు కింద నిండుగా పారే కాలువను చూడాలని వచ్చినవారికి అప్పుడు అడుగున బురదే కనిపిస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి, తాజా సముద్రపు చేపల మీద ఆశ పెట్టుకోకూడదు.

మొదటి రోజును వశిష్ఠకు కేటాయించండి. డిండి, అంతర్వేది రెండూ ఈ పాయకు ఒకే ఒడ్డున ఉన్నందున నది దాటవలసిన పని లేదు. తెల్లవారగానే బయలుదేరి ముందుగా లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, ఎండ ముదరకముందే సాగరసంగమానికి చేరుకోవాలి. నది సముద్రంలో కలిసే ఆ చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అక్కడ కాసేపు ఓపికగా నిలబడితే, ఒకవైపు నుంచి వచ్చే మట్టిరంగు నీరు, ఎదురుగా లేచే ఉప్పునీటి కెరటం ఒకదానినొకటి ఒరుసుకుని నురగ గీతగా సాగడం కనిపిస్తుంది. పోటు సమయంలో ఆ గీత లోపలికి జరుగుతుంది, పాటులో వెనక్కి పోతుంది. ఇంత స్పష్టంగా ఒక నది ముగిసే చోటును చూడగలిగే అవకాశం మన తీరంలో అరుదు కనుక, గుడి నుంచే తిరిగి వెళ్లిపోయేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అయితే సంగమం దగ్గర ప్రవాహం కాళ్లను లాగేస్తుంది, ఇసుక ఉన్నట్టుండి కుంగుతుంది. పిల్లలను మోకాలి లోతుకు కూడా దిగనివ్వకండి. స్నానం చేయదలచినవారు జాలర్లను అడిగి, వారు చూపించిన చోటనే, ఒడ్డుకు ఆనుకునే చేయాలి. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. ఆ ఉత్సవం చూడాలనుకునేవారు దానికోసమే రావాలి. మిగిలినవారు ఆ వారంలో అంతర్వేదికి వెళ్లకపోవడమే మేలు.

మధ్యాహ్నానికి ఓపిక మిగిలితే వెనక్కి అదే దారిన రానవసరం లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు నడుస్తున్నదో లేదో ముందుగా కనుక్కుని, నడుస్తుంటే దాని మీద నరసాపురం దాటవచ్చు. మోటారుసైకిళ్లు, కార్లు, గంపలు, బడిపిల్లల సైకిళ్లు అన్నీ ఒకే చెక్కల మీద సర్దుకుంటాయి. వాహనాలను ముందు ఎక్కనిచ్చి, మనుషులు తరువాత ఎక్కడం క్షేమం. అక్కడి నుంచి పాలకొల్లు వెళ్లి, పంచారామాల్లో ఒకటైన క్షీరారామం, తొమ్మిది అంతస్తుల దాని గాలిగోపురం చూసి, చించినాడ వంతెన మీదుగా డిండి చేరుకుంటే వశిష్ఠను చుట్టి వచ్చినట్లే. పెద్దవారు వెంట ఉంటే మాత్రం పాలకొల్లును మరొక పూటకు వాయిదా వేయండి.

వైనతేయ రోజు తేలికగా గడుస్తుంది. అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం నది ఒడ్డునే ఉంది. అక్కడి నుంచి పి.గన్నవరం వెళ్లి అక్విడెక్టు చూడండి: కింద నది, దానికి అడ్డంగా తొట్టిలో పారే కాలువ. 19వ శతాబ్దంలో కట్టిన పాత నిర్మాణం, తరువాత వచ్చిన కొత్తది పక్కపక్కనే కనిపిస్తాయి. తిరుగుదారిలో అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర ఆగితే, మీరు బస చేసిన తోటలోని కాయ ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది.

ఒక రోజు మాత్రం వాహనం తీయకుండా తోటలోనే ఉండండి. ఆ రోజును యజమానిని అడిగి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే కొబ్బరి దింపు నెలన్నర, రెండు నెలలకు ఒకసారే ఉంటుంది. దింపు కార్మికుడు చెట్టెక్కి గెల నరికిన తరువాత, నేలలో నిలువుగా పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, రెండు మూడు విరుపుల్లో డొక్క ఊడదీసే వలుపు పని చూడదగినది. కాయలు రాలే చెట్టు కింద నిలబడవద్దు; గునపం దగ్గరికి పిల్లలను పంపవద్దు. సంక్రాంతికి వచ్చినవారు కనుమ నాడు తోటలో కూర్చోకుండా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలి: ఏకాదశ రుద్రుల ప్రభలను, అంటే రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలను, భుజాల మీద మోస్తూ, చేల మధ్య నుంచి, కాలువ దాటించి తీసుకొస్తారు. అక్కడ కారు చాలా దూరంలోనే ఆగిపోతుంది. నడకకు సిద్ధపడి వెళ్లాలి.

గౌతమి వైపు ప్రయాణం అన్నిటికంటే దూరం. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన దాటితే 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం వస్తుంది. ఇప్పుడది పుదుచ్చేరిలో భాగం. యానాంలో ఎక్కువసేపు ఆగకుండా కోరింగ అభయారణ్యానికి వెళ్లండి. మడచెట్ల మధ్య చెక్కల బాట మీద నడిచేటప్పుడు, పాటు సమయమైతే బురదలోంచి వేలి పొడవున నిటారుగా లేచిన ఊపిరివేళ్లు, వాటి మధ్య గెంతే చిన్న బురద చేపలు కనిపిస్తాయి. పోటులో అవన్నీ నీటి కిందికి పోతాయి, కానీ పడవ లోపలి కాలువల్లోకి వెళ్లడానికి ఆ నీరే కావాలి. రెండూ చూడాలంటే ఆటుపోట్ల వేళలు ఫోను చేసి తెలుసుకుని బయలుదేరాలి.

ఎక్కడ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలు బిగించుకున్న తరువాతే కదలనివ్వండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరాన్ని గోదావరి జిల్లాలవారు ఇంకా మరిచిపోలేదు. జాకెట్లు తక్కువగా ఉన్నా, జనం ఎక్కువైనా ఆ పడవను వదిలేయండి.

ఆత్రేయపురం, ర్యాలి, ధవళేశ్వరం తిరుగు ప్రయాణం రోజుకు ఉంచుకోవాలి, ఎందుకంటే రావులపాలెం నుంచి రాజమహేంద్రవరానికి కాలువ గట్టు వెంట వెళ్లే దారిలోనే అవి వస్తాయి. ర్యాలిలో ముందు కేశవుడుగా, వెనుక జగన్మోహినిగా మలచిన ఏకశిలను రెండువైపులా చూడాలి. ఆత్రేయపురంలో, బోర్లించిన కుండ మీద పల్చని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి పరచి లాగగానే రేకు తయారవుతుంది. దానిని దగ్గర నుంచి చూసిన తరువాత పూతరేకులు కొనుక్కోండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. బెల్లంవి, పంచదారవి వేర్వేరుగా కట్టించుకుని, పెట్టె అడుగున పెట్టకుండా చేతిసంచిలో పైన ఉంచుకోవాలి. చివరగా ధవళేశ్వరంలో, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట ఉన్న మ్యూజియానికి ఒక గంట ఇవ్వండి. 1852 నాటికి అక్కడ పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ నుంచి కాలువలు ఎలా విడిపోతాయో పటాల్లో, నమూనాల్లో చూపిస్తారు. నాలుగు రోజులు మీరు బస చేసిన తోట ఏ కాలువ కింద ఉన్నదో యజమానిని ముందే అడిగి వెళ్తే, దానిని అక్కడ వెతికి పట్టుకోవచ్చు.