రైళ్లు, కాలువలు, వాటిని కట్టిన ఇంజనీర్లు: ఫోటోల్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రైలు ఫోటో చెడిపోయినప్పుడు చాలామంది ముందుగా కెమెరా సెట్టింగులను అనుమానిస్తారు. కాలువ ఫోటో చప్పగా వస్తే వాతావరణాన్ని నిందిస్తారు. సెట్టింగుల తప్పులు ఉండవని కాదు గాని, ఈ రకం ఫోటోల్లో కనిపించే లోపాల్లో చాలా వాటికి మూలం తీసేవారు నిలబడిన చోటే. అందుకే ఇక్కడ ప్రతి సమస్యకూ ముందు చోటును, తర్వాతే డయలును పరిశీలిస్తాం.

చోటు మార్చడమంటే పట్టాల మీదికి దిగడం అని మాత్రం అర్థం చేసుకోకూడదు. వేగంగా వచ్చే రైలు బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరుకు పైగా దూరం పట్టవచ్చు. విద్యుత్ మార్గాల్లో చాలా చోట్ల పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్ ఉంటుంది కాబట్టి, ట్రైపాడ్‌ను గాని సెల్ఫీ కర్రను గాని వాటి దరిదాపులకు ఎత్తకూడదు. అనుమతి ఉన్న ప్లాట్‌ఫారాలు, రోడ్డు వంతెనలు, కంచెకు ఇవతలి గట్లు ఈ పనికి సరిపోతాయి.

సమస్య: రైలు అలికేసినట్టు వస్తోంది

ముందు ఫోటోను పెద్దది చేసి, అలుకు ఎక్కడుందో చూడాలి. కంకర, స్తంభాలు స్పష్టంగా ఉండి రైలు మాత్రమే చెదిరితే కారణం రైలు వేగం. అన్నీ ఒకే దిశలో చెదిరితే చేయి కదిలింది. రైలు వెనకాలి చెట్లు గాని, ముందున్న స్తంభం గాని స్పష్టంగా ఉండి రైలు మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఈ మూడింటికీ మందులు వేరు కాబట్టి, తేడా తెలుసుకోకుండా షట్టర్ వేగం పెంచుకుంటూ పోతే ఫోటోలో మచ్చలు పెరగడం తప్ప ఫలితం ఉండదు.

మొదటి కారణాన్ని లెక్కలో చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు, అంటే 1/500 సెకనులో అయిదున్నర సెంటీమీటర్లు కదులుతుంది. దాన్ని 20 మీటర్ల దూరం నుంచి, పట్టాలకు లంబంగా నిలబడి, 50 మి.మీ. లెన్స్‌తో తీస్తే ఆ కదలిక కెమెరాలో చిత్రాన్ని పట్టే సెన్సార్ మీద 0.14 మి.మీ. పొడవున పడుతుంది. 36 మి.మీ. వెడల్పులో 6000 పిక్సెళ్లున్న సెన్సార్ మీద అది ఇరవైకి పైగా పిక్సెళ్ల అలుకు. 1/2000కు వెళ్లినా ఆరు పిక్సెళ్ల దాకా మిగులుతుంది. అదే దూరం నుంచి, మన చూపుకూ పట్టాలకూ మధ్య కోణం 20 డిగ్రీలు ఉండేటట్టు ముందువైపుకు జరిగితే, ఫోటోలో అడ్డంగా కనిపించే కదలిక మూడో వంతుకు పడిపోతుంది. అక్కడ 1/800 చేసే పనిని లంబంగా నిలబడిన చోట 1/2000 కూడా పూర్తిగా చేయలేదు. పైగా ఈ ముప్పాతిక కోణంలో ఇంజన్ ముఖం, పక్క భాగం, వెనకాల పెట్టెల వరుస మూడూ కనిపిస్తాయి.

ఫోకస్ తప్పడానికి ప్రధాన కారణం కెమెరా రైలును వదిలేసి విద్యుత్ స్తంభాన్నో, వెనకాలి చెట్లనో పట్టుకోవడం. రైలు ఎక్కడికి వచ్చాక మీట నొక్కాలనుకుంటున్నామో అక్కడున్న స్లీపర్ (పట్టాల కింది అడ్డదిమ్మ) మీద ముందుగానే ఫోకస్ చేసి, లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చుకోవడం పాత పద్ధతే అయినా దాన్ని మించినది లేదు. రైలు దారి తప్పదు కదా, పక్షుల ఫోటోలు తీసేవారికి లేని సౌకర్యం ఇది. ఇంజన్ ముఖం మీద స్తంభం అడ్డు పడటం కూడా ఇలాగే నివారించవచ్చు. ముందు వెళ్లిన రైలును గమనిస్తే ఏ రెండు స్తంభాల మధ్య ఖాళీ దొరుకుతుందో తెలిసిపోతుంది.

కావాలనే నేపథ్యాన్ని చెదరగొట్టే ప్యానింగ్‌లో మరో చిక్కు ఉంది. 1/30 లేదా 1/60 సెకను పెట్టి, నడుము దగ్గర నుంచి తిరుగుతూ రైలును వెంబడించినా ఇంజన్ ఒక్కటే స్పష్టంగా వచ్చి, వెనకాలి పెట్టెలు చెదురుతాయి. ఇది తీసేవారి లోపం కాదు. రైలు పొడవైనది కాబట్టి దాని ఒక్కో భాగం మన కంటికి ఒక్కో కోణీయ వేగంతో కదులుతుంది, కెమెరా అందులో ఒక్క దానితోనే సమానంగా తిరగగలదు. డ్రైవర్ కిటికీని ఎంచుకుని, మీట నొక్కిన తర్వాత కూడా తిరగడం ఆపకుండా ఉంటే చాలు. రైలంతా స్పష్టంగా రావాలంటే దూరం జరిగి పొడవైన లెన్స్ వాడాలి, అప్పుడు ఆ కోణీయ వేగాల మధ్య తేడా తగ్గుతుంది.

సమస్య: పెట్టెలు ఒక పక్కకు వాలి కనిపిస్తున్నాయి

కారణం ఎలక్ట్రానిక్ షట్టర్. అది సెన్సార్‌ను ఒకేసారి కాక వరుస వెంట వరుసగా చదువుతుంది. మొత్తం చదవడానికి 1/30 సెకను పట్టిందనుకుంటే, ఆలోగా పైన చెప్పిన రైలు 90 సెంటీమీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతుంది. రైలు ఫోటో ఎత్తులో సగం ఆక్రమిస్తే దాని పైకప్పుకూ చక్రాలకూ మధ్య దాదాపు అర మీటరు వాలు వస్తుంది. షట్టర్ వేగాన్ని 1/8000కు పెంచినా ఈ వాలు తగ్గదు, ఎందుకంటే లోపం వెలుతురు పడే సమయంలో కాక చదివే సమయంలో ఉంది. మెకానికల్ షట్టర్ ఉన్న కెమెరాలో దాన్ని ఎంచుకుంటే సమస్య కనిపించనంత తగ్గిపోతుంది. ఫోన్‌లో సాధారణంగా ఆ వీలు ఉండదు కాబట్టి పక్క నుంచి తీయడం మాని, ఎదురు కోణంలోకి మారాలి. ఫోన్‌ను నిలువుగా తిప్పితే వాలు పోతుంది గాని, రైలు సాగినట్టో కుదించుకుపోయినట్టో వస్తుంది.

రైలు ముందున్న ఎల్‌ఈడీ బోర్డులో సగం అక్షరాలు మాయమవడం దీనికి దగ్గరి సమస్యే. ఆ దీపాలు వంతులవారీగా, కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. 1/125 లేదా అంతకన్నా నెమ్మదైన షట్టర్‌తో, రైలు ఆగి ఉన్నప్పుడు తీస్తే పేరు పూర్తిగా వస్తుంది.

సమస్య: హెడ్‌లైట్ తప్ప అంతా చీకటిగా ఉంది, లేదా ఆవిరి తెల్లటి మచ్చగా మారింది

రెండూ ఒకే కారణానికి రెండు ముఖాలు. కెమెరాలోని మీటర్ ఫ్రేమ్‌ను సగటున మధ్యస్థపు వెలుగుకు తేవాలని చూస్తుంది. హెడ్‌లైట్ మీద పడ్డ మీటర్ మిగతా అంతటినీ నల్లబరుస్తుంది. నల్లటి ఆవిరి ఇంజన్ మీద పడ్డ మీటర్ వెలుతురు పెంచి, ఆవిరిలోని మడతలన్నిటినీ చెరిపేస్తుంది. రైలు రాకముందే కంకర మీదా గడ్డి మీదా మీటర్ చూసుకుని మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో స్థిరపరచాలి. ఆవిరి ఇంజన్‌కు అందులోనూ అర స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి, రా ఫైలుగా, అంటే కెమెరా తన మార్పులు చేయని ఫైలుగా తీస్తే నలుపులో దాగిన వివరాలను తర్వాత పైకి తేవచ్చు. ఒకసారి పూర్తిగా తెల్లబడిన ఆవిరిని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.

రాత్రి వేళ నల్లటి ఇంజన్ చీకటిలో కలిసిపోయే చిక్కును అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గం వెంట పదుల సంఖ్యలో ఫ్లాష్ బల్బులు అమర్చి, అన్నిటినీ ఒకేసారి వెలిగించి పరిష్కరించాడు. ఆ పని ఆ రైల్వే సంస్థ సహకారంతో జరిగింది. అనుమతి లేకుండా కదిలే రైలు మీద ఫ్లాష్ వేస్తే డ్రైవర్ కళ్లు చెదురుతాయి కాబట్టి అది చేయకూడనిది. స్టేషన్ దీపాల కింద ఆగి ఉన్న రైలును ట్రైపాడ్ మీద కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీయడం సులభమైన మార్గం.

దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినప్పుడు పట్టాలు, ఇంజన్ అలలుగా వణికినట్టు వస్తే అది లెన్స్ లోపం కాదు, వేడెక్కిన కంకర మీది గాలి. ఉదయమే రావడం, దగ్గరకు వెళ్లడం, వీలైతే వంతెన ఎత్తు నుంచి తీయడం తప్ప దీనికి మందు లేదు.

సమస్య: కాలువ పక్కకు ఒరిగినట్టు కనిపిస్తోంది

నీరు సమతలంగా ఉంటుందన్న నమ్మకంతో చాలామంది అవతలి గట్టు అంచును ఫ్రేమ్‌కు సమాంతరంగా పెడతారు. ఆ గట్టు మనకు సరిగ్గా అడ్డంగా లేక ఏటవాలుగా దూరం జరుగుతుంటే, ఫోటోలో దాని అంచు సహజంగానే వాలుగా ఉండాలి. దాన్ని బలవంతంగా సరిచేస్తే చెట్లూ వంతెనలూ ఒరిగిపోతాయి. నమ్మదగిన ఆధారం మరొకటి ఉంది. నిశ్చలమైన నీటిలో ఏ వస్తువు ప్రతిబింబమైనా దానికి నేరుగా కిందే ఉంటుంది. ఫ్రేమ్ మధ్యలో ఉన్న వంతెన రాయినో స్తంభపు కొననో ఎంచుకుని, దాన్నీ దాని ప్రతిబింబాన్నీ కలిపే గీత నిట్టనిలువుగా ఉండేలా తిప్పితే ఫోటో సరిపోతుంది. నీరు కదులుతుంటే లాకు (పడవలను పైకీ కిందికీ చేర్చే, తలుపులున్న తొట్టి) గోడ నిలువు అంచును చూసుకోవాలి.

సమస్య: పోలరైజర్ పెట్టినా నీటి మీది మెరుపు పోలేదు

పోలరైజర్, అంటే మెరుపును తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్, అత్యధికంగా పనిచేసేది మన చూపు నీటి ఉపరితలంతో దాదాపు 37 డిగ్రీల కోణం చేసినప్పుడు మాత్రమే. కళ్లు నీటికి 2 మీటర్ల ఎత్తులో ఉన్న మనిషికి ఆ కోణం రెండున్నర మీటర్ల దూరంలోనే దొరుకుతుంది. అంతకు ఎంతో దూరాన ఉన్న నీటిని చూసే చూపు దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ వెళుతుంది, అక్కడ ఫిల్టర్ చేయగలిగింది స్వల్పం. కళ్లు నీటికి 6 మీటర్ల ఎత్తుకు చేరేలా వంతెన ఎక్కితే ఆ దూరం 8 మీటర్లు అవుతుంది, నీటి అడుగూ, గట్టు రాళ్లూ బయటపడతాయి. ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురును మింగుతుందన్నది గుర్తుంచుకోవాలి. అయినా మెరుపును ప్రతిసారీ తొలగించాలనుకోవడం నాకు నచ్చని అలవాటు. అర్ధవృత్తాకారపు వంతెన తన ప్రతిబింబంతో కలిసి పూర్తి వృత్తమయ్యే చోట ఫిల్టర్ పెడితే ఉన్న అందం కాస్తా పోతుంది.

ప్రతిబింబం చెదురుతూ ఉంటే, గాలి లేని ఉదయాన్ని ఎంచుకోవడంతో పాటు పడవల రాకను కూడా గమనించాలి. రెండు గట్లూ ఎదురెదురుగా ఉండడం వల్ల పడవ లేపిన అల అటూ ఇటూ కొట్టుకుంటూ, పడవ కనుమరుగైన తర్వాత కూడా చాలాసేపు నిలుస్తుంది. గోదావరి డెల్టాలో ఆర్థర్ కాటన్ తీర్చిదిద్దిన కాలువల వంటివి సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి ఉద్దేశించినవి, వాటిలో నీరు పారుతూ ఉంటుంది. అలాంటి చోట అద్దం లాంటి ప్రతిబింబం కోసం ఎదురుచూడటం కన్నా, ట్రైపాడ్ మీద అర సెకను ఎక్స్‌పోజర్‌తో ఆ ప్రవాహాన్నే చూపించడం మేలు.

సమస్య: లాకు ఫోటోలో అది ఏం చేస్తుందో తెలియడం లేదు

లాకు పని పడవను ఒక నీటి మట్టం నుంచి మరొక మట్టానికి చేర్చడం. ఫోటోలో ఒక్క మట్టమే కనిపిస్తే అది తలుపులున్న తొట్టిగానే మిగులుతుంది. దిగువ తలుపుల బయట గట్టు మీద నిలబడి, లోపల నీరు నిండి తలుపులు మూసి ఉన్నప్పుడు తీస్తే, తలుపుల వెనకాల ఎత్తున తేలే పడవ, ముందు లోతున ఉన్న నీరు ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. జంట తలుపులు ఎగువ నీటి వైపు మొనదేలి, కోణాకారంలో మూసుకుంటాయి. నీటి ఒత్తిడే వాటిని ఇంకా బిగించి ఉంచుతుంది. ఆ కోణం తెలియాలంటే పై నుంచి, తలుపుల మీది నడక పలక ఎత్తులో మరో ఫోటో తీయాలి. ఖాళీ లాకు లోపలి నీడకూ ఆకాశానికీ ఉన్న తేడాను ఒక్క ఎక్స్‌పోజర్ పట్టలేకపోతే, ఆకాశాన్ని ఫ్రేమ్ నుంచి తీసేయడం అన్నిటికన్నా సులువు.

కాలువను మోసే వంతెనలదీ ఇదే తంతు. వేల్స్‌లో డీ నది మీద థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టగా 1805లో ప్రారంభమైన పాంట్‌కసల్తె వంతెన 38 మీటర్ల ఎత్తున పోత ఇనుప తొట్టిలో కాలువను మోస్తుంది. పై నుంచి తీస్తే నీరు కనిపిస్తుంది గాని ఎత్తు తెలియదు, కింద నుంచి తీస్తే ఎత్తు తెలుస్తుంది గాని పైన నీరున్న సంగతి తెలియదు. కింది నుంచే, పడవ దాటుతున్న క్షణంలో తీస్తే రెండూ తెలుస్తాయి.

సమస్య: ఇంజనీరు చిత్రంలో మనిషి గాని, పని గాని కనిపించకుండా పోతోంది

వంతెన మొత్తం ఫ్రేమ్‌లో పట్టాలనే ఆశ దీనికి కారణం. మొత్తం పట్టేసరికి మనిషి చుక్కవుతాడు, మనిషి దగ్గరకు వస్తే వంతెన మసకబారుతుంది. 1857లో రాబర్ట్ హౌలెట్ తీసిన బ్రిటిష్ ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ చిత్రం దీనికి మంచి పాఠం. 211 మీటర్ల పొడవున్న గ్రేట్ ఈస్టర్న్ ఓడను చూపించే ప్రయత్నమే చేయకుండా, దాని జలప్రవేశానికి వాడిన భారీ గొలుసుల ముందు బ్రునెల్‌ను నిలబెట్టాడు. పనిలో ఒక భాగం, అదీ మనిషితో పోల్చుకోగలిగినంత దగ్గరగా ఉన్న భాగం, పూర్తి ఓడ కన్నా ఎక్కువ చెప్పింది. నిర్మాణపు కొలత కన్నా సూత్రం ముఖ్యమైతే 1887 నాటి మరో చిత్రాన్ని చూడాలి. స్కాట్లాండ్‌లో 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెన బరువును ఎలా మోస్తుందో చెప్పడానికి దాని రూపకర్తల్లో ఒకరైన బెంజమిన్ బేకర్ ఇద్దరు మనుషులను కుర్చీల్లో చేతులు చాపి కూర్చోబెట్టి, వారి మధ్య ఆసనం మీద జపాన్ ఇంజనీరు కైచి వతనబేను ఉంచాడు.

పని స్థలంలో తీసేటప్పుడు హెల్మెట్ అంచు నీడ కళ్లను కప్పేస్తుంది. ఫ్లాష్ వేస్తే జాకెట్ మీది పట్టీలు భగ్గుమంటాయి. వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపడానికే ఆ పట్టీలు తయారయ్యాయి కాబట్టి, ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి ఒక మీటరు పక్కకు పెడితే ఆ మెరుపు లెన్స్‌లోకి రాదు. నీడకు తెల్లటి అట్టను ఛాతీ కింద పట్టుకుంటే చాలు. జాకెట్ నారింజ రంగు గడ్డం మీద పడితే మాత్రం దాన్ని విప్పించకుండా, మనిషిని కొద్దిగా పక్కకు తిప్పాలి. భద్రతా నియమాలు ఫోటో కోసం సడలవు.

ఇంజనీరు బతికి లేనప్పుడు మిగిలేది విగ్రహం. ఆకాశం నేపథ్యంగా ఉంటే విగ్రహం నల్లగా వస్తుంది, ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచాలి, లేదా చెట్లో గోడో వెనకాల వచ్చేటట్టు జరగాలి. శిలాఫలకం మీది చెక్కిన అక్షరాలు చదవరాకపోతే కారణం ఫలకం మీద నేరుగా పడే వెలుతురు. సూర్యుడు పక్కవాటుగా ఉన్న వేళ, లేదా చేతి దీపాన్ని రాతి ఉపరితలానికి దగ్గరగా పక్క నుంచి చూపిస్తూ తీస్తే, ప్రతి గీతలో నీడ పడి అక్షరాలు తేలుతాయి. కెమెరాను మాత్రం ఫలకానికి సరిగ్గా ఎదురుగానే ఉంచాలి.