పాత అంబాసిడర్‌కు పవర్ బ్రేకులు అమర్చుకోవడం ఎలా?

పవర్ బ్రేకులు పెట్టిస్తే బండి దానంతటదే బాగా ఆగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి వాటిలో పెడల్ నొక్కుకు బలం జోడించే బూస్టర్ తగ్గించేది కాలి శ్రమను మాత్రమే. బ్రేకు షూలు అరిగి, అవి ఒరుసుకునే డ్రమ్ములు గాట్లు పడి, షూలను నెట్టే వీల్ సిలిండర్ ఒకటి కారుతున్న బండికి దాన్ని బిగిస్తే, బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఒక పక్కకు మరింత గట్టిగా లాగుతుంది. కాబట్టి విశాఖపట్నంలో పాత అంబాసిడర్‌నో పద్మినినో ప్రాణంగా చూసుకునేవారు ముందుగా నాలుగు చక్రాలూ విప్పించి, ఉన్న బ్రేకులను పూర్తిగా బాగుచేయించుకోవాలి. ఇక్కడి ఉప్పుగాలికి ఉక్కు బ్రేకు పైపులు క్లిప్పుల కిందే ముందు తుప్పు పడతాయి కనుక, ప్రతి క్లిప్పూ తీసి చూడాలి.

తరువాత ఇంజిన్‌ను పరీక్షించాలి. బూస్టర్‌లోని డయాఫ్రమ్‌కు, అంటే సాగే పొరకు, ఒక వైపు ఇంజిన్ పీల్చిన వాక్యూమ్ ఉంటుంది. పెడల్ నొక్కగానే రెండో వైపుకు బయటి గాలి చేరి, ఆ ఒత్తిడి తేడా, చక్రాలకు బ్రేకు ఆయిల్‌ను పంపే మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు వాక్యూమ్ గేజ్ 18 నుంచి 21 అంగుళాల పాదరసం చూపాలి. ముల్లు 16 కూడా దాటకపోతే ముందు ఇంజిన్ పని చూసుకోవడం మంచిది. డీజిల్ అంబాసిడర్‌లో మానిఫోల్డ్ (ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం) నుంచి చాలినంత వాక్యూమ్ రాదు కాబట్టి విడిగా వాక్యూమ్ పంపు ఉండి తీరాలి.

పెడల్ నేలలోంచి వచ్చి మాస్టర్ సిలిండర్ అడుగున ఉండే బండ్లలో బూస్టర్‌ను దాని వెనుక ఇరికించడం కష్టం. అలాంటివాటికి పైపుల మధ్య కలిపే రిమోట్ సర్వో, అంటే విడిగా బిగించే బూస్టర్, అనువుగా ఉంటుంది. పెడల్ పైనుంచి వేలాడే బండ్లకు మాత్రం బూస్టర్‌నూ మాస్టర్ సిలిండర్‌నూ ఒకే కారుకు చెందిన జతగా కొనాలి. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) చూడకుండా కొనకూడదు: 22.2 మిల్లీమీటర్ల బోరు స్థానంలో 19 మిల్లీమీటర్లది వేస్తే అదే బలానికి ఒత్తిడి సుమారు 36 శాతం పెరుగుతుంది, కానీ పెడల్ కూడా అదే లెక్కన ఎక్కువ లోతుకు దిగుతుంది. నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి ఉండే పాత సింగిల్ సర్క్యూట్ తీసేసి, రెండు విడి దారులుండే టాండెమ్ సిలిండర్ పెట్టే అవకాశం ఉంటే వదులుకోవద్దు. ఒక పైపు పగిలినా రెండు చక్రాలకు బ్రేకు మిగులుతుంది. నా దృష్టిలో బూస్టర్ కన్నా ఇదే పెద్ద లాభం.

ఈ పనిలో ఎక్కువ ఓపిక కోరేది, బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్ సర్దుబాటు. రాడ్ కొనకు చిన్న బంకమట్టి ముద్ద అంటించి, సిలిండర్‌ను బిగించి, మళ్లీ విప్పితే, నలిగిన మట్టి మందమే అక్కడి ఖాళీ. అది అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు ఉండాలి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోయి, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. బ్రేకు ఆయిల్ ఉండే రిజర్వాయర్ మూత తీసి ఒకరు పెడల్‌ను మెల్లగా కదిలిస్తే, మొదటి కదలికలోనే ఆయిల్ చిన్న బుగ్గలా పైకి లేవాలి. అప్పుడు ఆ రంధ్రం తెరిచే ఉన్నట్టు లెక్క. ఈ బ్రేకు ఆయిల్ కళ్లకు హాని చేస్తుంది, బండి రంగును తినేస్తుంది కాబట్టి కళ్లకు అద్దాలు పెట్టుకుని, చుట్టూ తడిగుడ్డ పరచాలి.

వాక్యూమ్ హోస్‌కు బ్రేకు బూస్టర్ల కోసం తయారైన గట్టి గొట్టమే వాడాలి, మామూలు పెట్రోల్ పైపు లోపలికి ముడుచుకుపోతుంది. గాలిని ఇంజిన్ వైపే వెళ్లనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వ్ తిరగబడకుండా చూసుకోవాలి. ఆ తరువాత మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి బ్రేకు పైపుల్లోని ఎయిర్ తీయాలి.

పరీక్ష సులువే. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు నొక్కి, చివరిసారి కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు. మొదట ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, ఆపి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి పోల్చాలి; ఒకటి మరీ కాలుతుంటే ఆ చక్రాన్ని, అన్నీ కాలుతుంటే పుష్‌రాడ్‌ను మళ్లీ చూడాలి. అంతవరకు సింహాచలం కొండ గానీ అనంతగిరి ఘాట్ గానీ ఎక్కించవద్దు. దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారనివ్వడం ఇక పూర్తిగా మానేయాలి, ఎందుకంటే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది.