గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు చెన్నై వస్తున్నారా? తిరుగు టికెట్టుకు తొందరపడకండి

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి గాల్‌బ్లాడర్ రాళ్లకు ఆపరేషన్ కోసం చెన్నై వచ్చేవాళ్లు ఒక లెక్క వేసుకుని వస్తారు. ఈ రోజు చేరడం, రేపు ఆపరేషన్, ఎల్లుండి సెంట్రల్‌లో రైలెక్కడం. చాలామందికి ఆ లెక్క సరిపోతుంది. మా పిన్నికి సరిపోలేదు. ఇంటికి వెళ్లిన మూడో రోజున కడుపు ఉబ్బింది. గ్యాస్ అనుకుని మాత్రలతో నాలుగు రోజులు గడిపాం. పైత్యరసం కడుపులోకి కారుతోందని మళ్లీ చెన్నై వచ్చాకే తెలిసింది. ఆ నాలుగు రోజులు ఇంకెవరూ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

కాలేయం నుంచి పేగుకు పైత్యరసం మోసే ప్రధాన నాళానికి పక్కగా, ఒక సన్నని నాళంతో గాల్‌బ్లాడర్ అతికి ఉంటుంది. కోయవలసింది ఆ సన్నని నాళాన్నే. వాపు ఎక్కువగా ఉంటే రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి సర్జన్ కన్ను పొరబడి, ప్రధాన నాళం తెగవచ్చు. కీహోల్ పద్ధతిలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో, ఇలాంటి గాయం 1000 మందిలో సుమారు 3 నుంచి 5 మందికి జరుగుతుంది. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి ఒక నాళం, ఒక రక్తనాళం, ఈ రెండే అని స్పష్టంగా కనబడేదాకా దేన్నీ కోయకూడదన్న నియమాన్ని 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ వివరించారు.

అందుకే ముందే అడగండి: "లోపల స్పష్టంగా కనబడకపోతే ఏం చేస్తారు, డాక్టర్ గారూ?" పెద్ద కోతకు మారతామనో, గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం వదిలేస్తామనో చెప్పే సర్జన్‌ను నమ్మవచ్చు. మెలకువ వచ్చేసరికి పొట్ట మీద పెద్ద కోత ఉంటే గొడవకు దిగకండి. చాలాసార్లు అది మీ నాళాన్ని కాపాడిన కోత. పాత నొప్పులు, కామెర్లు, పాత ఆపరేషన్లు, రక్తం పలచబడే మాత్రలు, ఏదీ దాచవద్దు. పాత స్కాన్లన్నీ వెంట తెచ్చుకోండి.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం మామూలే, పొట్టలో నింపిన గ్యాస్ వల్ల అది. కడుపు నొప్పి మాత్రం రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, జ్వరం, వాంతులు, ఉబ్బరం మొదలైనా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, గాటు నుంచి పచ్చని ద్రవం కారినా అదే రోజు ఆస్పత్రికి తిరిగి వెళ్లండి. కామెర్లకని పసరు తాగించడం, చేతికి వాతలు పెట్టించడం ఈ సమయంలో ప్రాణాంతకం. అది మందులకు లొంగే కామెర్లు కాకపోవచ్చు, నాళం మూసుకుపోయి ఉండవచ్చు.

లక్షణాలు తరచు మొదటి వారంలోనే బయటపడతాయి. చెన్నైలో బంధువులుంటే ఆ వారం వాళ్లింట్లోనే ఉండండి. చిన్న లీకైతే ఎండోస్కోపీతో నాళంలో స్టెంటు అనే సన్నని గొట్టం పెట్టి ఆపగలరు. నాళం తెగితే మాత్రం కాలేయం, పిత్తనాళాల శస్త్రచికిత్సలో నిపుణులైనవాళ్లే బాగుచేయాలి. మొదటి మరమ్మతు సరిగా జరగడం చాలా ముఖ్యం. చెన్నైలో స్టాన్లీ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. డిశ్చార్జి కాగితంతో పాటు ఆపరేషన్ వివరాల కాగితం కూడా అడిగి తీసుకోండి. రెండో సర్జన్ ముందుగా అడిగేది దాన్నే.