నికెల్ నానోవైర్ల బ్యాచ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

నానోవైర్లంటే నానోమీటర్ల మందం ఉండే తీగలు. అల్యూమినియం ఆక్సైడ్ మూసలోని సన్నని రంధ్రాల్లో కరెంటుతో నికెల్ నింపి (ప్లేటింగ్) వీటిని పెంచుతాం. తీగలన్నీ ఒకే మందంలో రావాలంటే ముందు ఆ మూస కుదరాలి. రంధ్రాలు అడ్డదిడ్డంగా ఉంటే ప్లేటింగ్ ఎంత శ్రద్ధగా చేసినా దండగే.

అసలు ప్రమాదం ఎలక్ట్రోపాలిషింగ్‌లో, అంటే మూసకు వాడే అల్యూమినియాన్ని కరెంటుతో నునుపు చేయడంలో ఉంది. ఒక వంతు పెర్‌క్లోరిక్ ఆమ్లానికి నాలుగు వంతుల ఇథనాల్. ఇథనాల్‌ను ముందే మంచులో చల్లబరిచి, ఆమ్లాన్ని కొద్దికొద్దిగా అందులోకి పోయాలి. పని అయ్యేదాకా 10 డిగ్రీలు దాటనివ్వకండి. 1947 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక ప్లేటింగ్ కర్మాగారం పేలి 17 మంది చనిపోయారు. అక్కడా అల్యూమినియం పాలిషింగే, అక్కడా పెర్‌క్లోరిక్ ఆమ్లమే, కాకపోతే కలిపింది ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో. వాడగా మిగిలింది సీసాలో దాచొద్దు, ఆరిపోనివ్వొద్దు. లోపల నీళ్లతో కడిగే ఏర్పాటున్న ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు) లేకపోతే ఈ పని మరోచోట చేయించుకోండి.

అనోడైజింగ్ (కరెంటుతో అల్యూమినియం మీద రంధ్రాల ఆక్సైడ్ పొర పెంచడం) రెండుసార్లు: 0.3 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం, 40 వోల్టులు, 5 డిగ్రీల లోపు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య సుమారు 100 నానోమీటర్ల దూరం వస్తుంది. మొదటి పొరను 6 శాతం ఫాస్ఫారిక్, 1.8 శాతం క్రోమిక్ ఆమ్లాల్లో 60 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగించాలి. తొందరపడి ఆ పొర కాస్త మిగిల్చినా రెండోసారి వరస చెడుతుంది. క్రోమిక్ ఆమ్లం క్యాన్సర్ కారకం, సింకులో పారబోయొద్దు.

అల్యూమినియాన్నీ, రంధ్రాల అడుగు పొరనూ తీసేశాక ప్లేటింగ్‌కి కరెంటు అందేలా వెనకవైపు బంగారు పూత వేస్తాం. అది పలచగా ఉండి రంధ్రాలు మూసుకోకపోతే తీగల మొదళ్లు బోలు గొట్టాల్లా వస్తాయి.

బాత్‌కి, అంటే ప్లేటింగ్ ద్రావణానికి, లీటరుకు నికెల్ సల్ఫేట్ 300 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 45, బోరిక్ ఆమ్లం 45, పీహెచ్ 3.5–4. ఏసీ గదిలో రాత్రంతా ఉంచితే బోరిక్ ఆమ్లం స్ఫటికాలుగా అడుగుకు దిగుతుంది. పొద్దున వేడిచేసి, వడగట్టి వాడండి. మూసను ముందు కాసేపు బాత్‌లోనే నానబెట్టాలి. గాలి బుడగ చిక్కుకున్న రంధ్రంలో తీగ పెరగదు. వోల్టేజీ మరీ పెంచితే హైడ్రోజన్ బుడగలు కూడా ఇదే పని చేస్తాయి.

ఎప్పుడు ఆపాలో కరెంటే చెబుతుంది: మొదట పడి, చాలాసేపు నిలకడగా ఉండి, తీగలు పైకి చేరగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది. అప్పటికే ఆలస్యం, పైన టోపీలు కట్టేస్తాయి. అందుకే చార్జి లెక్క వేసుకోండి. చదరపు సెంటీమీటరు మూసలో 10 శాతం రంధ్రాలుంటే, 10 మైక్రాన్ల పొడవుకి సుమారు 2.9 కూలుంబులు. కొంత హైడ్రోజన్‌కి పోతుంది కాబట్టి తీగ ఇంకాస్త పొట్టిగానే వస్తుంది. మొదటి నమూనాను విరిచి అడ్డకోతను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కొలిచి లెక్క సవరించుకోండి.

చివరికి తీగలను బయటికి తీయడానికి మూసను 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించేటప్పుడు అల్యూమినియం మిగిలి ఉంటే హైడ్రోజన్, వేడి రెండూ పుడతాయి. బీకరు మూత పెట్టొద్దు, దగ్గర్లో మంట ఉండొద్దు. బీకరు అడుగున బలమైన అయస్కాంతం ఎక్కువసేపు ఉంచితే తీగలు గుత్తులుగా అతుక్కుంటాయి. కడిగాక ఇథనాల్‌లోనే ఉంచండి. ఎండిన నికెల్ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం మంచిది కాదు.